పడిపోయిన ఆ కొన్ని సెకన్లు

నాకు కళ్ళు తిరిగేవి కావు. డాక్టర్లకి ఈ ఒక్క విషయం అర్థమయ్యేలా చెప్పడానికే చాలా కాలం పట్టింది. మామూలుగా స్పృహ తప్పే ముందు చెమటలు పడతాయి, కడుపులో తిప్పుతుంది, చూపు మసకబారుతుంది. గోడ పట్టుకోవడానికో, కూలబడడానికో కాస్త వ్యవధి దొరుకుతుంది. నాకు ఆ వ్యవధే ఉండేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ పడిపోయేదాన్ని. ఒకసారి కుర్చీలో కూర్చుని ఉండగానే పక్కకి ఒరిగిపోయాను, నుదుటికి కుట్లు పడ్డాయి.

మొదట అందరూ నీరసం అన్నారు, టెన్షన్ అన్నారు. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, సోడియం, పొటాషియం అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మళ్ళీ బీపీ చూశారు. నిలబడగానే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే కారణం అక్కడే దొరుకుతుందట. నాకు పడలేదు.

పడిపోయినప్పుడు చేతులు అదురుతున్నాయని ఇంట్లోవాళ్ళు చెప్పడంతో ఫిట్స్ అనుమానం వచ్చింది. మెదడులోని కరెంటు సంకేతాలు చూసే ఈఈజీ, మెదడు ఎంఆర్ఐ స్కాన్ రెండూ నార్మల్. అయినా ఫిట్స్ మందులు మొదలుపెట్టారు. రోజంతా మగతగా ఉండేది, పడిపోవడం మాత్రం ఆగలేదు.

తర్వాత వెళ్ళిన కార్డియాలజిస్ట్ నన్ను కాసేపే అడిగారు. "మీరు పడిపోయినప్పుడు చూసినవాళ్ళు ఎవరు?" అని మా చెల్లిని లోపలికి పిలిపించారు. ముఖం ఏ రంగులోకి మారింది, అదురు ముందా పడడం ముందా, ఎంతసేపు, నాలుక పక్కన కొరుక్కుందా, లేచాక మనుషుల్ని గుర్తుపట్టిందా అని ఒక్కొక్కటే అడిగారు.

"అక్క ముఖం ముందు సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయింది సార్. పడ్డాక చేతులు నాలుగైదుసార్లు అదిరాయి, అంతే. కళ్ళు తెరిచేసరికి ముఖం ఎర్రగా అయింది. వెంటనే నా పేరు పెట్టి పిలిచింది" అంది చెల్లి.

మెదడుకి కొన్ని సెకన్లు రక్తం అందకపోయినా చేతులు కాళ్ళు అలా అదురుతాయని ఆయన చెప్పారు. ఫిట్స్ అయితే తేరుకున్నాక కూడా చాలాసేపు అయోమయంగా ఉండడం, నాలుక పక్కన తెగడం ఎక్కువగా కనిపిస్తాయట. ఆ తర్వాత నా పాత ఈసీజీలన్నీ వరసగా పరిచి చూశారు. మొదటి దాని నుంచీ బండిల్ బ్రాంచ్ బ్లాక్ అని ఉంది. అంటే గుండె కింది గదులకి కరెంటు తీసుకెళ్ళే దారుల్లో ఒకటి సరిగ్గా పనిచేయడం లేదు. ఎలాంటి ఇబ్బందీ లేనివాళ్ళలో కూడా అది కనిపించవచ్చు, కానీ స్పృహ తప్పే మనిషిలో కనిపిస్తే వదిలేయకూడదు అన్నారు. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరుగుతుంటే, చూసినవాళ్ళని తప్పకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. వీలైతే ఫోన్‌లో వీడియో తీసి చూపించండి. నా కేసులో ఏ స్కానింగూ చెప్పలేనిది చెల్లి మాటల్లో దొరికింది.

గుండెకి చేసే ఎకో స్కానింగ్‌లో కండరం, కవాటాలు బాగున్నాయి. నిలబెడితే స్పృహ తప్పుతుందేమో చూసే టిల్ట్ టేబుల్ టెస్ట్‌లో బెల్టులతో కట్టి, బల్లని 70 డిగ్రీల వరకు లేపి నిలబెట్టారు. నాలుక కింద మందు పెట్టాక కూడా ఏమీ కాలేదు. 24 గంటలపాటు గుండె లయని రికార్డు చేసే హోల్టర్ అనే చిన్న పరికరం కట్టుకుని ఇంటికెళ్ళాను. ఆ రోజు నేను పడిపోలేదు, కాబట్టి రిపోర్టు నార్మల్ అని వచ్చింది. అది చదివి బంధువులు ఊరట పడ్డారు, నేను పడలేకపోయాను.

చివరికి ఎడమ రొమ్ము పైభాగంలో, చర్మం కింద లూప్ రికార్డర్ పెట్టారు. చిన్న గాటు, మత్తు కూడా అక్కడి మట్టుకే. అది ఏళ్ళ తరబడి గుండె లయని కనిపెడుతూ, తేడా వస్తే రికార్డు చేసి ఉంచుతుంది. ఇక పడిపోవడం కోసం ఎదురుచూడాలి. నాకు అన్నిటికంటే కష్టమైన కాలం అదే. బాత్రూమ్ గడియ పెట్టుకోవడానికి కూడా భయమేసేది.

మళ్ళీ పడిపోయాను. రికార్డులో పై గదుల సంకేతాలు వరసగా ఉన్నాయి. కింది గదుల గీత మాత్రం ఏడు సెకన్లపాటు చదునుగా ఉంది. వచ్చీ పోయే కంప్లీట్ హార్ట్ బ్లాక్, అంటే పై గదుల సంకేతం కింది గదులకి అసలు చేరకపోవడం. ఆ కాగితం చూసి నేనూ చెల్లీ ఇద్దరం ఏడ్చాం. నన్ను ఎవరూ నమ్మడం లేదన్న బాధ ఆ రోజుతో పోయింది.

అవసరమైనప్పుడు గుండె కొట్టుకునేలా చేసే పేస్‌మేకర్ పెట్టి, రికార్డర్ అప్పుడే తీసేశారు. కొన్ని వారాలు ఎడమ చేయి భుజం కంటే పైకి ఎత్తొద్దన్నారు. ఫిట్స్ మందుల్ని న్యూరాలజిస్ట్ మెల్లగా తగ్గిస్తూ ఆపించారు. వాటిని సొంతంగా ఒక్కసారిగా మానేయకూడదు. మొబైల్‌ని పేస్‌మేకర్‌కి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచుతున్నాను. చెకప్‌కి వెళ్ళినప్పుడు బ్యాటరీ ఎంతుందో, నా గుండె ఎన్నిసార్లు దాని సాయం తీసుకుందో చూసి చెబుతారు. అది పెట్టాక మళ్ళీ పడిపోలేదు.

ఒంటి కంటే మనసు ఆలస్యంగా కోలుకుంది. ఈమధ్యే ఒంటరిగా ప్రయాణాలు మొదలుపెట్టాను. చేరగానే ఫోన్ చేయమని చెల్లి ఇంకా అడుగుతుంది, చేస్తున్నాను.