ఇన్సులిన్ పని షుగర్‌తోనే ఆగదు

క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ షుగర్‌తో పాటు పొటాషియాన్ని కూడా కణాల్లోకి పంపుతుంది. గుండె కరెంటు నడక చాలావరకు ఆ పొటాషియం మీదే ఆధారపడుతుంది కాబట్టి, నరంలోకి ఇన్సులిన్ ఎక్కించేవాళ్లు గ్లూకోమీటర్‌తో పాటు ఈసీజీ కూడా చూడాలి.

కణం పొరలోని సోడియం–పొటాషియం పంపు ఒక్కో విడతకు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. ఇన్సులిన్ తగిలితే, ముఖ్యంగా కండరాల్లో, ఈ పంపు జోరందుకుంటుంది. ఒంట్లోని పొటాషియంలో కణాల బయట ఉండేది సుమారు 2 శాతమే. అందుకే కాస్త అటూ ఇటూ అయినా రక్తంలో లెక్క మారిపోతుంది.

కిడ్నీలు పనిచేయక రక్తంలో పొటాషియం లీటరుకు 6.5 మిల్లీమోల్స్ దాటిందనుకోండి. ఈసీజీ కాగితం మీద సాధారణంగా ముందు టీ వేవ్ (గుండె కింది గదులు తేరుకునేటప్పటి అల) గుడారంలా మొనదేలి నిలబడుతుంది. తర్వాత పీ వేవ్ (పై గదుల్లో కరెంటు పాకే అల) చదునవుతుంది, క్యూఆర్‌ఎస్ (కింది గదుల్లో కరెంటు పాకే అల) వెడల్పవుతుంది. చివరికి క్యూఆర్‌ఎస్, టీ రెండూ కలిసిపోయి ఒకే అలలా సాగుతాయి. మైనస్ 90 మిల్లీవోల్టుల దగ్గర ఉండాల్సిన గుండె కణం వోల్టేజీ పైకి జరగడంతో సోడియం ఛానళ్లు (కణంలోకి సోడియం వచ్చే దారులు) పూర్తిగా కోలుకోవు, కరెంటు నత్తనడక నడుస్తుంది. అయితే ఈసీజీ మామూలుగా ఉందని పొటాషియం రిపోర్టును తేలిగ్గా తీసుకోకూడదు. ఈ క్రమం అందరిలోనూ కనిపించదు.

ఈసీజీ మారి ఉంటే ముందు 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి మెల్లగా ఇస్తారు. అది పొటాషియాన్ని తగ్గించదు, గుండెను కాసేపు కాపాడుతుంది. ఆ వెంటనే 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్, దాంతో 25 గ్రాముల గ్లూకోజు, అంటే 50 శాతం డెక్స్‌ట్రోజ్ 50 మిల్లీలీటర్లు. ఇరవై నిమిషాల్లో పని మొదలై, గంటలోపు పొటాషియం 0.5 నుంచి 1 మిల్లీమోల్ మేర దిగుతుంది. నాలుగు నుంచి ఆరు గంటల్లో మళ్లీ ఎక్కుతుంది, ఎందుకంటే అది ఒంట్లోంచి బయటికి పోలేదు. డయాలసిస్ ఏర్పాట్లు ఈలోపే జరగాలి.

పొరపాటు ఎక్కువగా జరిగేది సిరంజి దగ్గర. 10 యూనిట్లంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లుండే వయల్‌లో (మందు సీసాలో) 0.1 మిల్లీలీటరు, 40 యూనిట్లుండే వయల్‌లో 0.25. మామూలు సిరంజితో తీస్తే పదింతలు పడే ప్రమాదం ఉంది. వయల్‌కు సరిపోయే ఇన్సులిన్ సిరంజే వాడాలి. ఇంకోటి, కిడ్నీ పాడైనవారిలో ఇన్సులిన్ త్వరగా పోదు. ఇచ్చిన గ్లూకోజు అయిపోయాక కూడా అది పనిచేస్తూనే ఉంటుంది. కనీసం ఆరు గంటలు, గంటగంటకూ షుగర్ చూడాల్సిందే.

డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌లో, అంటే ఇన్సులిన్ చాలక షుగర్ రోగి రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకున్నప్పుడు, కథ తిరగబడుతుంది. రిపోర్టులో పొటాషియం నార్మల్‌గా కనిపించినా ఒంట్లో నిల్వ ఖాళీ అయి ఉంటుంది. 3.5 కంటే తక్కువ ఉంటే ముందు పొటాషియం ఎక్కించి, ఆ తర్వాతే ఇన్సులిన్ డ్రిప్ పెట్టాలి. లేదంటే టీ వేవ్ చదునై, దాని వెనక యూ వేవ్ అనే చిన్న అల లేచి, ప్రాణాంతకమైన లయ తప్పడం దాకా వెళ్తుంది.

షుగర్ బాగా పడిపోయినా గుండెకు దెబ్బే. అడ్రినలిన్ ఎగసి పొటాషియాన్ని ఇంకా తగ్గిస్తుంది, ఈసీజీలో క్యూటీ (క్యూఆర్‌ఎస్ మొదలు నుంచి టీ వేవ్ చివరిదాకా పట్టే సమయం) సాగుతుంది. షుగర్ 70 కంటే తగ్గి గుండె దడదడలాడుతుంటే, స్పృహలో ఉన్న మనిషికి వెంటనే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ టెస్టు చేయండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి.