హక్గలలో కొమ్ము తొండ

నువర ఎళియ, మంగళవారం రాత్రి

అమ్మ ఈ శ్రీలంక ప్రయాణం పెట్టుకున్నదే సీతా ఎళియలోని సీతమ్మ గుడి కోసం. దర్శనమూ, వాగు పక్కన బండ మీద హనుమంతుడివని చెప్పే పాదముద్రలూ చూడడమూ గంటలోపే ముగిశాయి. సమయం మిగలడంతో డ్రైవరు మమ్మల్ని దగ్గరలోనే ఉన్న హక్గల ఉద్యానవనానికి తీసుకువెళ్లాడు. మలేరియా మందు కోసం సింకోనా చెట్లు పెంచడానికి 1861లో మొదలైన ఈ తోట ఇప్పుడు గులాబీలకు పేరు పొందింది. అశోకవనం ఇదేనని ఇక్కడివారు చెప్పగానే అమ్మ చెప్పులు విడిచి నడిచింది.

తోట చివర అడవి మొదలయ్యే చోట, నాచు పట్టిన ఒక చెట్టు మొదలును డ్రైవరు వేలితో చూపించి "ఓణాన్" అన్నాడు. మాది చిత్తూరు కావడం వల్ల ఆ తమిళ మాట అర్థమైంది గాని, తొండ మాత్రం ఎంత వెతికినా కనబడలేదు. చాలాసేపటికి నాచులోంచి తెల్లటి ముల్లు వంటిది ఒకటి ముందుకు పొడుచుకు వచ్చినట్టు తోచింది. ఆ ముల్లు వెనుక ఒక కన్ను, కన్ను వెనుక ఆకుపచ్చా గోధుమరంగూ కలిసిన ఒళ్లు, ఒంటికన్నా పొడవైన తోక ఒక్కొక్కటిగా విడివడి కనిపించాయి. ముక్కు కొసన నిజంగానే కొమ్ము ఉంది. సింహళంలో దీనిని అంకటుస్సా అంటారని, 'అం' అంటే కొమ్మేనని డ్రైవరు చెప్పాడు. కొమ్ము ఇంత పొడవుగా పెరిగేది మగదానికే. ఆడదానికి చిన్నదిగా ఉంటుంది, లేదా అసలే ఉండదు.

అమ్మ కాసేపు తేరిపార చూసి, "తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందన్నారు గానీ, ఖడ్గమృగం అవుతుందని ఎవరూ చెప్పలేదేమిరా" అంది.

బడికి పోయే రోజుల్లో ముళ్లకంచె మీద తల ఆడించే తొండలను రాళ్లతో కొట్టిన చేయి నాది. అవి రాయి ఎత్తకముందే పరుగు తీసేవి కనుక, చాలాసార్లు గురి తప్పేది. ఈ కొమ్ము తొండ ఆ తొండల కుటుంబానికి చెందినదే అయినా పారిపోలేదు. మేము రెండు అడుగుల దూరానికి వచ్చినా కదలకుండా, నాచులో తానూ ఒక నాచుముక్కనన్నట్టు పట్టుకుని ఉండిపోయింది. కనబడకపోవడమే దీనికి రక్షణ కాబట్టి, మా ఊరి పిల్లల చేతికి చిక్కితే ఒక్క గురీ తప్పి ఉండేది కాదన్న ఆలోచన వచ్చి నాకు కొంచెం సిగ్గు వేసింది.

ఈ ప్రజాతి తొండలు శ్రీలంకలో తప్ప లోకంలో మరెక్కడా లేవు. నకల్స్ కొండలలో ముక్కు మీద ఆకు వంటి తొడుగు ఉన్నది ఒకటి బతుకుతుంది. మరి రెండింటిని శాస్త్రజ్ఞులు గుర్తించి పేరు పెట్టింది 1998లోనే. నేను చూసిన రకానికి ఎత్తైన కొండల తడీ నీడా కావాలి. ఆ అడవిని బ్రిటిషువారు మొదట కాఫీ కోసం నరికారు, 1869లో కనిపించిన ఆకుతెగులు కాఫీని మట్టుబెట్టాక అదే నేలలో తేయాకు వేశారు. పొద్దున్న కారు అద్దంలోంచి మేము మురిసిపోయి చూసిన పచ్చని వాలులన్నీ ఒకప్పటి అడవులే. చాలనట్టు, పెంపకానికి వీటిని దొంగచాటుగా విదేశాలకు తరలించేవారు కూడా ఉన్నారు. అందుకే 2019లో జెనీవాలో జరిగిన అంతర్జాతీయ సమావేశంలో వీటిని వన్యప్రాణి వ్యాపార నియంత్రణ జాబితాలలో చేర్చారు.

గదికి వచ్చాక చలికి దుప్పటి కప్పుకుని, అమ్మ తన ఫోనులో తీసిన ఫోటోను చిత్తూరులో ఉన్న పిన్నికి పంపింది. గుడి ఫోటోల కన్నా ముందు దానినే పంపింది. పది నిమిషాల తరువాత పిన్ని నుంచి జవాబు వచ్చింది: "అక్కా, ఈ చెట్టు ఫోటో ఎందుకు పంపినావు?"