ఉప్పునీటి రీలు, మంచినీటి రీలు

ఈ రోజు గాలం వేయడానికి ఎక్కడికీ వెళ్లలేదు. నిన్న సముద్రపు ఒడ్డున వాడిన సామానును, అంతకు ముందు చెరువులో వాడిన సామానును పక్కపక్కన పరుచుకుని శుభ్రం చేయడంతోనే ఉదయమంతా గడిచిపోయింది. గాలపు దారం చుట్టి ఉండే చెరువు రీలును మెత్తని గుడ్డతో తుడిచి, పిడి దగ్గర ఒక చుక్క నూనె వేసి పక్కన పెట్టేశాను. సముద్రపు రీలు అంత తేలికగా వదలదు. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. నీరు ఆవిరైపోయినా ఆ ఉప్పు స్క్రూల సందుల్లోనూ, బేరింగుల మీదా, దారపు పొరల మధ్యా మిగిలిపోయి, గాలిలోని తేమను పీల్చుకుంటూ లోహాన్ని తినేస్తూనే ఉంటుంది. అందుకే నిన్న రాత్రి రాగానే డ్రాగ్ మరను (చేప లాగినప్పుడు దారం ఎంత బిగువుకు వదలాలో నిర్ణయించే మర) బిగించి, పలుచని ధార కింద రీలును కడిగి ఉంచాను. ఈ ఉదయం అది పూర్తిగా ఆరిన తరువాత ఆ మరను మళ్లీ వదులు చేశాను. కొందరు గొట్టంతో జోరుగా నీళ్లు కొడతారు. ఆ జోరుకు ఉప్పు బయటికి రావడానికి బదులు లోపలికే పోతుంది.

చెరువు రీలులో 8 పౌండ్ల (అంటే అంత బరువు లాగే దాకా తెగని) నైలాన్ దారం ఉన్నది, సముద్రపు రీలులో 30 పౌండ్ల అల్లిక దారం ఉన్నది. సముద్రపు చేప పెద్దది కాబట్టే ఈ తేడా అని చాలామంది అనుకుంటారు కానీ, దారాన్ని నిర్ణయించేది చేప ఒక్కటే కాదు. అలలకు కొట్టుకుపోకుండా ఇసుకలో నిలవడానికి 100 గ్రాములు దాటిన సీసపు గుండు కట్టవలసి వస్తుంది. దానిని అలల అవతలికి విసిరే కుదుపునూ, రాళ్లకు అంటుకున్న గుల్లల ఒరిపిడినీ ఆ దారమే భరించాలి. ఆపైన పళ్ల సంగతి ఉంది. వంజరం వంటి చేప సన్నని దారాన్ని ఒక్క కొరుకుతో తెంపుకుపోతుంది కనుక గాలానికి పైన లోహపు తీగ కడతాము. కార్ప్ జాతి చేపలకు దవడల్లో పళ్లే ఉండవు, ఉన్నవి గొంతులో ఉంటాయి. అవి ఎరను నోట్లోకి పీల్చి, ఏమాత్రం అనుమానం కలిగినా క్షణంలో ఊదేస్తాయి కాబట్టి, అక్కడ సన్నని దారమూ చిన్న కదలికకే మునిగే తేలికపాటి బెండూ కావాలి. బలం సంగతి పక్కన పెడితే, మోసపోకుండా ఉండడంలో చెరువు చేపనే నేను గట్టిదంటాను.

మధ్యాహ్నం మా అన్నయ్య కొడుకు ఫోన్ చేసి, “బాబాయ్, మొదట చెరువులో నేర్చుకోవడం మంచిదా, నేరుగా సముద్రానికి వెళ్లిపోవచ్చా?” అని అడిగాడు. సముద్రం దగ్గర వేళ తెలిసి ఉండాలనీ, చెరువు దగ్గర చోటు తెలిసి ఉండాలనీ చెప్పాను. వాడికి అది అర్థం కాకపోవడంతో వివరంగా చెప్పవలసి వచ్చింది.

చాలా తీరాల్లో రోజుకు రెండు సార్లు పోటు వస్తుంది, రెండు సార్లు నీరు తీస్తుంది. ఏ రోజు పోటైనా ముందు రోజుకంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీరు కదులుతున్నంత సేపు చిన్న చేపలూ రొయ్యలూ ఆ ప్రవాహంలో చిక్కుకుంటాయి కనుక, పెద్ద చేపలు వాటికోసం ఒడ్డు దాకా వస్తాయి. పోటు నిండిపోయి నీరు నిలిచిన కాసేపు, ఎంత మంచి ఎర వేసినా కర్ర ఊరికే నిలబడి ఉండడమే ఎక్కువ. అమావాస్య, పున్నమి రోజుల తరువాత పోటు పెద్దదిగా ఉంటుంది కానీ, ఆ ఉరవడికి నీరు బురదగా మారితే పెద్ద పోటు వల్ల లాభమేమీ ఉండదు.

చెరువుకు ఇటువంటి గడియారం లేదు. ఎండాకాలంలో లోతైన చెరువుల్లో వెచ్చని నీరు పైన, చల్లని నీరు అడుగున పొరలుగా విడిపోతాయి. ఆ రెండూ కలవకపోవడం వల్ల అడుగు పొరలో ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు పైకి చేరుకుంటాయి. అది తెలియనివారు అన్నిటికంటే లోతైన గుంట వెతుక్కుని, చేప లేని నీటిలోకి ఎర దింపి కూర్చుంటారు. గాలి ఒకే వైపు కొంతసేపు వీస్తే పైనీరూ, దానితోపాటు తేలే సూక్ష్మజీవులూ ఎదుటి గట్టుకు చేరుతాయి కనుక, ముఖాన గాలి కొడుతున్నా నేను ఆ గట్టునే ఎంచుకుంటాను. తెల్లవారుజాము మంచి వేళ అన్న మాటను కూడా అన్ని చోట్లా నమ్మలేము. నాచు దట్టంగా పెరిగిన కుంటలో రాత్రంతా మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకోవడం వల్ల, తెల్లవారే సరికి అది బాగా తగ్గి ఉంటుంది. అటువంటి చోట పొద్దెక్కిన తరువాత వెళ్లడమే మేలు.

పట్టిన చేపను వదిలిపెట్టేటప్పుడు మాత్రం రెండు చోట్లా ఒకటే జాగ్రత్త. మంచినీటి చేప ఒంట్లోకి నీరు తనంతట తాను చొరబడుతుంటుంది, సముద్రపు చేప ఒంట్లోంచి నీరు బయటికి పోతుంటుంది. చర్మం మీది జిగురు పొర ఈ రాకపోకలను కొంత అడ్డుకుంటుంది. పొడి చేతులతో పట్టుకుంటే ఆ పొర ఊడివస్తుంది కాబట్టి చేతులు తడుపుకునే చేపను ముట్టుకోమన్నాను.

మునిగే బెండు కళ్లకు కనిపిస్తుంది కనుక మొదట చెరువునే ఎంచుకోమని చివరికి సలహా ఇచ్చాను. “అయితే చెరువు రీలే కొంటాను బాబాయ్” అన్నాడు. వద్దన్నాను. ఉప్పునీటిని తట్టుకునేలా చేసిన రీలును చెరువులో నిశ్చింతగా వాడుకోవచ్చు కానీ, చెరువుకోసం చేసిన చౌక రీలు సముద్రం దగ్గర ఎక్కువ కాలం నిలవదు. 4000 సైజు (మధ్యరకం) స్పిన్నింగ్ రీలు ఒకటీ, దానికి అదనంగా మరో స్పూలూ (దారం చుట్టే, విడదీయగలిగే చక్రం) తీసుకుని, ఒక స్పూలుకు సన్నని నైలాన్, రెండవదానికి అల్లిక దారం చుట్టించుకోమని చెప్పాను.