సమాంతర ఆర్థిక వ్యవస్థ అంచనాలు: మెయిన్స్‌కు నేను చదివిన తీరు

గుంటూరు అరండల్‌పేటలో గది తీసుకుని గ్రూప్‌-1 మెయిన్స్‌కు చదువుతున్న రోజుల్లో, ఎకానమీలో నేను ఎక్కువ సమయం కేటాయించిన అంశం సమాంతర ఆర్థిక వ్యవస్థ, అంటే ప్రభుత్వ లెక్కలకూ పన్నులకూ అందకుండా నడిచే ఆర్థిక కార్యకలాపాలు. మిత్రులు చాలామంది దీన్ని ఒక పేజీ నోట్సుతో, ‘జీడీపీలో ఇంత శాతం’ అనే ఒక అంకెతో ముగిస్తారు. ఆ అంకె ఏ పద్ధతిలో వచ్చిందో, ఏ ఊహ మీద నిలబడిందో చెప్పగలిగినప్పుడే సమాధానానికి బలం వస్తుందని నా గట్టి అభిప్రాయం.

ముందుగా దేన్ని కొలుస్తున్నామో తేల్చుకోవాలి. మన మిర్చి యార్డుకు టిక్కీలు తెచ్చిన రైతుకు కమీషన్ ఏజెంటు సొమ్మంతా నగదుగా ఇచ్చినా, రైతు చేతిలోని ఆ డబ్బు నల్లధనం కాదు. వ్యవసాయ ఆదాయంపై ఆదాయపు పన్ను లేదు. పైగా ఆ పంట విలువ దిగుబడి అంచనాల ద్వారా జాతీయాదాయ లెక్కల్లో చేరుతూనే ఉంది. అదే విజయవాడలో ఒకరు స్థలం అమ్మి, దస్తావేజులో ప్రభుత్వ విలువ మాత్రమే చూపి, మిగతాది నగదుగా పుచ్చుకుంటే అది నిస్సందేహంగా నల్లధనమే. అయినా ఉన్న స్థలం చేతులు మారడం కొత్త ఉత్పత్తి కాదు కనుక, దాచిన ఆ మొత్తాన్ని జీడీపీకి కలపకూడదు. మధ్యవర్తి తీసుకున్న కమీషను మాత్రమే కలుస్తుంది. ఈ రెండు ఉదాహరణలనూ విడదీసి చూడగలిగితే ఈ అధ్యాయంలో సగం అర్థమైనట్టే.

పద్ధతుల్లో అన్నిటికన్నా లోతుగా చదవవలసినది నగదు డిమాండ్ పద్ధతి. 1980ల తొలినాళ్లలో ఆర్థికవేత్త విటో టాంజీ అమెరికాకు దీన్ని వర్తింపజేశారు. పన్ను ఎగవేసే లావాదేవీలు నగదులోనే నడుస్తాయన్నది దీనికి ఆధారం. ఆదాయం, వడ్డీరేటు వంటి కారణాలకు మించి, పన్నుల భారం వల్ల ప్రజలు అదనంగా ఉంచుకున్న నగదును లెక్కగట్టి, దాన్ని చలామణీ వేగంతో, అంటే ఒక రూపాయి ఏడాదిలో ఎన్నిసార్లు చేతులు మారుతుందో ఆ సంఖ్యతో, గుణిస్తారు. ఆ వేగం అధికారిక, సమాంతర వ్యవస్థలు రెండింటిలోనూ ఒకటే అనుకోవడం దీని ప్రధాన బలహీనత. మన దేశంలో జీడీపీకి నగదు నిష్పత్తి పెద్దనోట్ల రద్దు తర్వాత 2017 మార్చిలో 8.7 శాతానికి పడిపోయి, 2020-21లో 14 శాతం దాటింది. కోవిడ్ భయంతో జనం ఇంట్లో డబ్బు దాచుకున్నారు, జీడీపీ కూడా తగ్గింది. ఈ కారణాలను పక్కనపెట్టి నిష్పత్తిని మాత్రమే చూస్తే నల్లధనం ఒక్కసారిగా ఉబ్బిందనే తప్పుడు నిర్ధారణకు వస్తాం.

ఆర్థికవేత్త ష్నైడర్ పేరుతో ప్రసిద్ధమైన మిమిక్ నమూనా పన్నులు, నిరుద్యోగం వంటి కారణాలనూ, నగదు వాడకం వంటి సూచికలనూ కలిపి, కంటికి కనిపించని పరిమాణాన్ని అంచనా వేస్తుంది. అయితే అది ఇచ్చేది హెచ్చుతగ్గులను చూపే సూచీ మాత్రమే. దాన్ని శాతంగా మార్చడానికి తరచుగా నగదు పద్ధతిలో వచ్చిన అంకెనే ఆధారంగా తీసుకుంటారు కాబట్టి, రెండింటినీ పరస్పరం బలపరిచే స్వతంత్ర సాక్ష్యాలుగా రాయకండి. కరెంటు వాడకం పెరుగుదలను అధికారిక జీడీపీ పెరుగుదలతో పోల్చే విద్యుత్ వినియోగ పద్ధతికి సమాధానంలో రెండు వాక్యాలు చాలు.

మన దేశపు అంకెల్లో రెండింటిని పక్కపక్కన పెట్టుకోండి. జాతీయ ప్రభుత్వ విత్త, విధాన సంస్థ (ఎన్‌ఐపీఎఫ్‌పీ) 1985 నివేదిక 1980-81కి నల్ల ఆదాయాన్ని జీడీపీలో 18 నుంచి 21 శాతంగా లెక్కగట్టింది. ష్నైడర్ బృందం 2010లో ప్రపంచ బ్యాంకు పత్రంలో 2007కు 20.7 శాతం అంది. పెద్దగా మారలేదని రాయాలనిపిస్తుంది, కానీ రాయకూడదు. మొదటిది పన్ను వేయదగి ఉండీ అధికారులకు చూపని ఆదాయం. రెండోది ప్రభుత్వానికి తెలియకుండా కావాలని దాచిన చట్టబద్ధ ఉత్పత్తి.

పెద్దనోట్ల రద్దును ఉదాహరణగా వాడేవారు రిజర్వ్ బ్యాంకు లెక్కనే ఇవ్వాలి: రద్దయిన 15.41 లక్షల కోట్ల రూపాయల్లో 15.31 లక్షల కోట్లు తిరిగి వచ్చాయి. తిరిగొచ్చినంత మాత్రాన అదంతా తెల్లధనమని కాదు. ఏటా పుట్టే నల్ల ఆదాయం వేరు, ఒక రోజున నోట్ల రూపంలో ఉన్న నిల్వ వేరు; ఆ ఆదాయంలో ఎక్కువ భాగం అప్పటికే భూమిగానో బంగారంగానో మారి ఉంటుందన్న వివరణను ఈ అంకె వెంటనే రాయండి.