నాన్నకి గొట్టం వద్దనుకున్నాం

డిమెన్షియా (మతిమరుపుతో మొదలై మెదడు పనితీరు క్షీణించే జబ్బు) బాగా ముదిరాక నాన్న ముద్దని మింగకుండా బుగ్గనే పెట్టుకునేవారు. నీళ్లు తాగితే పొలమారేది. రెండోసారి న్యుమోనియా వచ్చినప్పుడు ఆస్పత్రిలో తిండి పంపడానికి ముక్కులోంచి కడుపులోకి గొట్టం (రైల్స్ ట్యూబ్) వేశారు. పీకేసుకుంటున్నారని చేతులు కట్టారు. కొన్నాళ్లకి డాక్టర్, "ఇది ఎక్కువ కాలం ఉంచేది కాదు. పొట్టకి చిన్న రంధ్రం చేసి నేరుగా కడుపులోకి పెట్టే పెగ్ ట్యూబ్ వేయించాలా వద్దా ఆలోచించుకోండి" అన్నారు.

"వద్దని ఎలా అంటాం? కడుపు మాడ్చి చంపుకుంటామా?" అన్నాడు అన్నయ్య. ఆ మాట తర్వాత ఎవరికీ నోరు పెగల్లేదు.

మర్నాడు డాక్టర్‌ని సూటిగా అడిగాను: గొట్టం పెడితే పొలమారడం ఆగుతుందా, ఎక్కువ కాలం బతుకుతారా? సొంత ఉమ్ము ఊపిరితిత్తుల్లోకి జారడాన్ని, కడుపులోది పైకి తన్నడాన్ని ఏ గొట్టమూ ఆపలేదట. ఇంత ముదిరిన డిమెన్షియాలో దానివల్ల ఆయుష్షు పెరుగుతుందని గానీ, పడక పుళ్లు తగ్గుతాయని గానీ రుజువు కాలేదట. వృద్ధుల వైద్యుల సంఘమైన అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ కూడా ఇలాంటివాళ్లకి గొట్టం కంటే జాగ్రత్తగా చేత్తో తినిపించడమే మేలంటోందని చెప్పారు. అలాగని గొట్టం ఎవరికీ పనికిరాదనలేదాయన. పక్షవాతం వచ్చి మళ్లీ మింగగలిగే ఆశ ఉన్నవాళ్లకి, గొంతు క్యాన్సర్‌కి రేడియేషన్ తీసుకుంటున్నవాళ్లకి అదే ఆధారమన్నారు. నాన్నది కోలుకునే జబ్బు కాదు. నాకు తేల్చుకోవడానికి ఆ తేడా చాలు.

అన్నయ్య మెత్తబడింది మాత్రం ఇంకో మాటకి. చివరి దశలో శరీరమే తిండి అడగడం తగ్గిస్తుంది, తినకపోవడం వల్ల జబ్బు ముదరడం కాదు, జబ్బు ముదిరింది కాబట్టే తినడం లేదు అన్నారు డాక్టర్. వాడు చాలాసేపు బయట తిరిగి వచ్చి, "సరే, నేనే తినిపిస్తాను" అన్నాడు.

మాటతో పాటు మింగడంలో ఇబ్బందులూ చూసే స్పీచ్ థెరపిస్ట్ వచ్చి ఎలా తినిపించాలో చూపించింది. పూర్తిగా మెలకువగా ఉంటేనే పెట్టాలి. నిటారుగా కూర్చోబెట్టాలి, చిన్న చెంచాతో ఇవ్వాలి, గుటక పడ్డాకే ఇంకో చెంచా. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. దగ్గు రాలేదని ధీమా పడొద్దు, చప్పుడు లేకుండా కూడా ఊపిరితిత్తుల్లోకి పోతుందట. రోజూ నోరు, పళ్లు శుభ్రం చేయడం మరీ ముఖ్యమంది, నోట్లోని క్రిములే న్యుమోనియా తెస్తాయి కాబట్టి. మాత్రలు నూరే ముందు అడగాలి, కొన్నిటిని నూరకూడదు. పొలమారడం తగ్గాలని నీళ్లని చిక్కగా చేసే పొడి కూడా ఇచ్చింది. నేనూ తాగి చూశాను, జిగురు జిగురుగా ఉంది. నాన్న మొహం తిప్పుకుంటే ఆయన్ని ఏమనగలం? డాక్టర్‌ని అడిగి, మామూలు నీళ్లే చెంచాతో కొద్దికొద్దిగా ఇచ్చాం.

పొలమారే ప్రమాదం పోలేదు. అది తెలిసే తినిపిస్తున్నామని, వద్దన్నప్పుడు బలవంతం చేయబోమని, మళ్లీ గొట్టం వేయొద్దని కేస్ షీట్‌లో రాయించాం. డ్యూటీ మారినప్పుడల్లా కొత్త నర్సు వచ్చి "ఈయనకి ఫీడింగ్ ట్యూబ్ లేదేంటి?" అని అడిగేది. ఆ కాగితం చూపిస్తే సరిపోయేది.