నక్షత్రాల నోట్‌బుక్‌లో 100.8

మా ఆయన మెడ మీద గడ్డని మొదట చూసింది నేను కాదు, ఆయనకి క్షవరం చేసే అతను. "నొప్పి ఉందా సార్" అని అడిగాడట. లేదన్నారట. నొప్పి లేదు కాబట్టి భయం లేదనుకుని రెండు నెలలు గడిపేశాం. లింఫోమా అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ అనీ, ఆ గడ్డలు చాలావరకు నొప్పి పుట్టవనీ ఆ తర్వాత తెలిసింది. రెండు కోర్సుల యాంటీబయాటిక్స్ అయ్యాయి, సూదితో తీసిన నమూనా ఏదీ తేల్చలేదు, చివరికి గడ్డ మొత్తం తీసి పరీక్షకి పంపితే 2019 సెప్టెంబరు ఆఖర్లో పేరు తెలిసింది. డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా. కడుపులో కూడా గడ్డలున్నాయి కాబట్టి మూడో స్టేజి. ఇరవై ఒక్క రోజులకొకటి చొప్పున ఆరు సైకిళ్ళ కీమో. "ఇది వేగంగా పెరిగే రకం. అందుకే మందుకి లొంగితే కూడా వేగంగానే లొంగుతుంది" అన్నారు డాక్టరుగారు. నేను రెండో వాక్యం పట్టుకున్నాను, ఆయన మొదటిది పట్టుకున్నారు. ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఎవరం మాట్లాడలేదు.

అప్పటికి అమ్మాయికి పద్నాలుగు, బాబుకి ఎనిమిది. నాకు ఉద్యోగం, దాంతోపాటు పదకొండేళ్ళుగా ఒక పిచ్చి.

ఆ పిచ్చి సంగతి కాస్త చెప్పాలి. వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలు కొన్ని ఉంటాయి. వాటిని పక్కనున్న మారని చుక్కలతో పోల్చి, ఇవాళ ఎంత వెలుగుందో ఒక అంకె రాసుకోవడమే పని. ఈ లెక్కలో అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక. సున్నా అంటే ధగధగ, ఆరు అంటే మామూలు కంటికి ఆఖరి మెట్టు. ఇలా రాసినవాటిని పోగుచేసే సంఘం ఒకటి 1911 నుంచీ ఉంది, ప్రపంచంలో ఏ మూలనుంచైనా నాలాంటి ఔత్సాహికులు పంపుకోవచ్చు. రెండు రోజుల ఇరవై గంటల నలభై తొమ్మిది నిమిషాలకోసారి మసకబారే ఆల్గాల్, మూడువందల ముప్ఫై చిల్లర రోజులకోసారి వెలిగి మాయమయ్యే మైరా నా పాత చుట్టాలు. డాబా, బైనాక్యులర్స్, ఎర్రకాగితం చుట్టిన టార్చి, ఒక నోట్‌బుక్కు, ఇవే నా సామాన్లు. వీటికంటే ముఖ్యమైంది ఇంకొకటి కావాలి. ఇరవై నిమిషాలు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి తక్కువలో తక్కువ అంత పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలుగు చూశామా, మళ్ళీ మొదటికి.

కీమో ఇంట్లో ఎవరూ కదిలించని ఇరవై నిమిషాలు ఎక్కడ దొరుకుతాయి?

మొదటి సైకిల్ అక్టోబరు 14న. రిటుక్సిమాబ్ అనే మందు ఎక్కించడం మొదలుపెట్టిన గంటకి ఆయనకి పళ్ళు టకటకలాడేంత వణుకు. మందు ఆపి, మళ్ళీ నెమ్మదిగా మొదలుపెట్టారు. ఉదయం వెళ్ళినవాళ్ళం రాత్రికి బయటపడ్డాం. ఆ తర్వాత సిరంజిలో తెచ్చే ఎర్రమందు, డాక్సోరూబిసిన్. మూత్రం కూడా ఎర్రగా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ రాత్రి మళ్ళీ ఆసుపత్రికి పరిగెత్తేవాళ్ళం.

రెండో సైకిల్‌కి ఇంటికో పంచాంగం తయారైంది. మొదటి అయిదు రోజులూ స్టెరాయిడ్ మాత్రలు. నిద్రుండదు, ఆకలి విపరీతం, కోపం ముక్కు మీదే ఉంటుంది. మాత్రలు ఆగిన మర్నాడు మనిషి ఉన్నట్టుండి కూలబడిపోతారు. రెండో వారంలో తెల్లకణాలు పడిపోతాయి, జ్వరం వస్తే ప్రమాదం. మూడో వారం మామూలు మనిషి. పిల్లలు వీటికి పేర్లు పెట్టుకున్నారు. కోపం వారం, జ్వరం వారం, మన వారం. ఆ పేర్లు ఫ్రిజ్ మీది క్యాలెండర్‌లో మూడు రంగుల పెన్నులతో ఎక్కాయి. స్కూల్ మీటింగ్, కరెంటు బిల్లు, బాబు పంటి డాక్టరు, అమ్మాయి స్నేహితురాళ్ళు ఇంటికి రావడం, అన్నీ మన వారంలోకి జరిపాం. అమ్మాయి పుట్టినరోజు జ్వరం వారంలో పడింది. పది రోజులు ఆలస్యంగా చేశాం. "ఈ ఏడాది నాకు పదిరోజులు వయసు తక్కువ" అంది. దాని ముఖంలో ఏముందో నేను ఆ క్షణంలో చూడలేదు, కేకు కొయ్యడానికి చాకు వెతుకుతున్నాను.

ఆయనకీ ఓ పిచ్చి ఉంది, పాత రేడియోలు బాగుచెయ్యడం. విన్‌క్రిస్టిన్ అనే మందు వేళ్ళ కొసలు మొద్దుబారుస్తుంది. మూడో సైకిల్‌కల్లా చొక్కా గుండీలు పెట్టుకోలేకపోయారు, నేలమీద పడిన స్క్రూ తియ్యలేకపోయారు. సోల్డరింగ్ ఐరన్‌ని నేనే దాచేశాను, కాలినా తెలియదని. అప్పట్నుంచి బాబు చేతులు, ఆయన మాటలు. "ఆ ఎర్ర వైరు పట్టుకో, అది కాదు, దాని పక్కది." ఒక రేడియో బాగవ్వడానికి రెండు నెలలు పట్టింది. బాగయ్యాక అందులో గరగర తప్ప ఏమీ రాలేదు. ఇద్దరూ దాన్నే విజయం కింద లెక్కేసుకున్నారు.

నా సంగతికొస్తే, మైరానీ ఆల్గాల్‌నీ వదిలేశాను. కానీ ఆ చలికాలం ఇంకో చుక్క పిలిచింది. వేటగాడి ఆకారంలో కనిపించే ఓరియన్ చుక్కల గుంపులో, ఆ వేటగాడి భుజం మీద ఎర్రగా ఉండే ఆరుద్ర, బెటెల్‌గూస్ అంటారు. మామూలుగా 0.5 దగ్గర ఉండేది, నవంబరు నుంచి మసకబారుతూ వస్తోంది. పేలిపోతుందేమో అని లోకమంతా ఒకటే గోల. నాకు పేలుడు సంగతి కంటే వేరే సౌకర్యం కనిపించింది. అది అంత పెద్ద చుక్క కాబట్టి బైనాక్యులర్స్ అక్కర్లేదు, కళ్ళు పూర్తిగా చీకటికి అలవాటు పడక్కర్లేదు. అయిదు నిమిషాలు చాలు. గిన్నెలు తోమాక, మందులు సర్దేలోపు డాబా ఎక్కి దిగొచ్చు.

డిసెంబరు 4 రాత్రి అలాగే ఎక్కాను. జ్వరం వారం. ఎక్కేముందు ఆయన ఒళ్ళు చూశాను, 98.9. ఆరుద్ర రోహిణి కంటే కాస్త తక్కువగా ఉంది. ఎంత తక్కువ అని తేల్చుకోలేక అయిదు నిమిషాలు పదిహేనయ్యాయి. టైము రాశాను, 8.40. అంకె రాయబోతుంటే కింద నుంచి అమ్మాయి పిలిచింది. "అమ్మా, నాన్న వణుకుతున్నారు."

థర్మామీటరులో 100.8. గీత 100.4 దగ్గర ఉందని మాకు మొదటిరోజే చెప్పారు. అది దాటితే మాత్ర వేసి చూద్దాం అనుకోకూడదు, బయల్దేరాలి. బయల్దేరాం. రక్తపరీక్షలో న్యూట్రోఫిల్స్, అంటే ఇన్ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు, 200. పదిహేనువందలు ఉండాల్సిన చోట. చేరిన గంటలోపే యాంటీబయాటిక్ ఎక్కించారు. ఆరు రోజులున్నాం. నాలుగో సైకిల్ వారం వెనక్కి జరిగి డిసెంబరు 23కి పడింది.

ఆ ఆరు రోజుల్లో ఆయనకంటే నాకే ఎక్కువ జ్వరం అనాలి. ఆ పదిహేను నిమిషాలూ నేను మంచం పక్కనే ఉంటే? వదిన ఫోన్ చేసినప్పుడు ఎందుకు చెప్పానో, చెప్పాను. "ఇప్పుడు కూడా చుక్కలేమిటమ్మా నీకు" అంది. చెడ్డ మనిషి కాదు. ఆ ఆరు రోజులూ మా పిల్లలకి వండిపెట్టింది తనే. కానీ ఆ మాట ముల్లులా దిగిపోయింది. డాక్టరుగారిని అడిగాను కూడా, పావుగంట ముందు చూసుంటే తేడా ఉండేదా అని. "మీరు గంటలోపు తీసుకొచ్చారు. పావుగంటకి ఏమీ కాదు" అన్నారు. నమ్మలేదు. ఇంటికొచ్చి నోట్‌బుక్కు బీరువా పైన పడేశాను.

కోపం వారంలో ఆ సంగతి బయటపడింది. డిసెంబరు 25 రాత్రి రెండింటికి నిద్ర పట్టక ఆయన ఇల్లంతా తిరుగుతున్నారు.

"ఇవాళ చూశావా నీ చుక్కని?"

"మానేశానండీ."

"ఎందుకు?"

"మీ ఒంట్లో బాగుండట్లేదు కదా."

అంతే, అంతెత్తున లేచారు. "నా జుట్టు పోయింది, వేళ్ళు పోయాయి, బాబుకి ఆటలు పోయాయి. ఇప్పుడు నీది కూడా నా ఖాతాలో రాస్తావా? నాకొద్దు ఆ లెక్క." స్టెరాయిడ్ మాట్లాడుతోందని సర్దుకోబోయాను. పూర్తిగా స్టెరాయిడ్ కాదని ఇద్దరికీ తెలుసు. నాకూ కోపం వచ్చింది. మీకోసం మానేస్తే తిట్లా అన్నాను. పిల్లలు లేస్తారని గుసగుసల్లోనే పోట్లాడుకున్నాం. గుసగుసల్లో పోట్లాట ఎక్కువసేపు నడవదు, నవ్వొచ్చేస్తుంది.

ఆయనే బీరువా పైనుంచి నోట్‌బుక్కు దించారు. శాలువా, మంకీ టోపీ, మాస్కు, కుర్చీ. మెట్టు మెట్టుకీ ఆగుతూ డాబా మీదికి తీసుకెళ్ళాను. నేను చూసి చెప్పాను, ఆయన ఎర్రటార్చి వెలుగులో రాశారు. 1.3. వేళ్ళకి పట్టు లేక ఆ మూడు ఎనిమిదిలా పడింది. "ఆ చుక్కకి కూడా కీమో ఇస్తున్నారా ఏమిటి?" అన్నారు. అక్కడే ముందే చెప్పేశాను, ఆ చుక్కకీ మీకూ పోలికలు పెట్టే మనిషిని కాదని. "పెట్టకు. అది పేలిపోతుందంటున్నారు" అన్నారు.

అప్పట్నుంచి కోపం వారమంతా డాబా మా ఇద్దరిది. ఎలాగూ నిద్రపట్టని మనిషికి తోడు కూర్చోవాలి, ఎక్కడ కూర్చుంటే ఏం? జ్వరం వారంలో మాత్రం నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని, అమ్మాయిని ఆయన గదిలో చదువుకోమని. రోజూ కాదు. కొన్ని రోజులు ఒళ్ళు అలిసి, కొన్ని రోజులు భయమేసి వెళ్ళలేదు. ఆ ఖాళీలు నోట్‌బుక్కులో అలాగే ఉన్నాయి.

జనవరి ఆఖర్లో బాబు క్లాసులో ఒకడికి ఆటలమ్మ పోసింది. కీమోలో ఉన్న మనిషికి అది సోకితే ఎంత దూరం పోతుందో డాక్టరుగారు చెప్పాక, బాబుని మూడు వారాలు మా అమ్మ దగ్గరికి పంపించాం. వాడు గుమ్మంలో నుంచే వాళ్ళ నాన్నకి టాటా చెప్పాడు. రోజూ రాత్రి ఫోన్‌లో ఏం మాట్లాడాలో వాడికీ తెలిసేది కాదు, నాకూ తెలిసేది కాదు. బాగా చదువుతున్నావా, ఆఁ. తిన్నావా, ఆఁ. ఒకరోజు విసుగొచ్చి "బయటికెళ్ళి వేటగాడి రెండు భుజాలూ చూడు, ఏది ఎక్కువ వెలుగో చెప్పు" అన్నాను. మర్నాటి నుంచి వాడే ఫోన్ చెయ్యడం మొదలుపెట్టాడు. ఫిబ్రవరి రెండో వారంలో అరిచి చెప్పాడు, "అమ్మా, రెండూ ఒక్కటే!" నిజంగానే అప్పుడు ఆరుద్ర 1.6, రెండో భుజమూ అంతే. వాడి అంచనాని వాడి పేరుతోనే రాశాను.

ఆఖరి సైకిల్ ఫిబ్రవరి 3న అయింది. మార్చి 18న పెట్ స్కాన్. అయిదు మెట్ల స్కోరులో 2 వచ్చింది, మూడు దాకా మంచిదే. రిపోర్టు చదివి ఆయన స్నానానికి వెళ్ళారు, నేను బట్టలు మడతపెట్టాను. పండగలా ఉంటుందనుకున్నది అలా ఏమీ లేదు. సంతోషం మూడు రోజుల తర్వాత, ఏదో గిన్నె కడుగుతుంటే వచ్చి మీదపడింది. అప్పటికే లోకమంతా తలుపులేసుకుంది. మాస్కులూ చేతులు కడుక్కోవడం మాకు కొత్తేం కాదు, బయటివాళ్ళు మా దారికొచ్చారంతే. ఆరుద్ర కూడా ఏప్రిల్‌కల్లా మళ్ళీ వెలిగింది. అది ఊదిన దుమ్ము దానికే అడ్డమొచ్చిందనీ, పైన ఒకవైపు చల్లబడిందనీ తర్వాత తేల్చారు.

మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి చెకప్. ప్రతిసారీ ముందు వారం ఇద్దరం చిన్నచిన్న విషయాలకి పోట్లాడుకునేవాళ్ళం. ఇప్పుడది తగ్గింది. వేళ్ళ మొద్దు మాత్రం పూర్తిగా పోలేదు.

ఆ చలికాలపు అంకెలు సంఘానికి పంపడం ఇన్నేళ్ళూ వాయిదా పడుతూ వచ్చింది. వేళ్ళకి వ్యాయామం అవుతుందని ఈమధ్య ఆయనే కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కో వరుసా ఎక్కిస్తున్నారు. మొన్న డిసెంబరు 4 దగ్గర ఆగారు.

"ఇదేమిటిది? 8.40, ఆరుద్ర, 100.8?"

వెళ్ళి చూశాను. నా రాతే. ఆ రాత్రి హడావిడిలో నోట్‌బుక్కు చేత్తోనే పట్టుకుని కిందికి దిగి, థర్మామీటరులో చూసింది చేతిలో ఉన్నదాంట్లోనే రాసేసినట్టున్నాను.

"మరీ ఇంత మసకా?" అన్నారు ఆయన. "ఇది ఏ దుర్భిణికీ అందదే."

ఆ వరుస వదిలేసి తర్వాతిది ఎక్కించడం మొదలుపెట్టారు. డిసెంబరు 25, 1.3. ఆ మూడు మూడో ఎనిమిదో అని నన్నడిగారు.