శంఖం వేరు, శంకు నత్త వేరు: ఉత్త గుల్లను చూసి కోనస్ గురించి ఎంతవరకు చెప్పొచ్చు

పూజగదిలో ఊదే శంఖం టర్బినెల్లా పైరం అనే నత్తది. లెక్కల పుస్తకంలో ఉండే శంకువు ఆకారం కోనస్ నత్తది. రెండూ సముద్రపు నత్తలే, రెండూ నియోగాస్ట్రోపొడా క్రమంలోవే, కానీ కుటుంబాలు వేరు. ఒక్క ఒత్తు ఎక్కువ పడితే ఒకటి ఇంకొకటి అయిపోతుంది. జువాలజీ రికార్డులో 'శంఖు నత్త' అని రాసుకున్నవాళ్లు ముందు ఆ ఒత్తు కొట్టేయండి.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాలకు సముద్రం లేదు. ఇక్కడ చదివేవాళ్లకు ప్రాణమున్న కోనస్ కనిపించే అవకాశమే లేదు. ల్యాబ్ బీరువాలోనో, జాతర అంగళ్లలోనో, యాత్రకు పోయినోళ్లు తెచ్చిన సంచిలోనో ఉత్త గుల్ల దొరుకుతుంది. అందులో జీవి ఉండదు, ఎక్కడ పట్టారో ఎవరికీ తెలీదు. ఆ గుల్ల మీద లేబుల్ రాయాలంటే అది చెప్పేదెంత, చెప్పలేనిదెంత అన్న లెక్క ముందు తేలాలి.

మన కాళ్ల కింద ఉన్నది మాత్రం సముద్రమే. కడప బండ ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపురాయి. వేంపల్లె దగ్గరి రాళ్లలో స్ట్రొమాటొలైట్ల (సూక్ష్మజీవుల చాపలు పేరుకుని రాయిగా మారినవి) పొరలు కూడా ఉన్నాయి. అయినా ఆ రాళ్లలో కోన్ గుల్ల కోసం వెతికితే దొరకదు. కోన్ నత్తల శిలాజాలు సుమారు 5.5 కోట్ల ఏళ్ల కిందటి నుంచే కనిపిస్తాయి, మన బండలు అంతకన్నా ఎన్నో పదుల కోట్ల ఏళ్లు పాతవి.

ఇక వర్గీకరణ. మొలస్కా వర్గం, గాస్ట్రోపొడా విభాగం, కోనాయిడియా అధికుటుంబం, కోనిడే కుటుంబం. ఇంతవరకు తగాదా లేదు, తగాదా అంతా ప్రజాతి (జీనస్) దగ్గరే. 1758లో లిన్నేయస్ కోనస్ అనే ఒక్క పేరు పెట్టాడు. దాని మాదిరి జాతి, అంటే ఆ పేరుకు ఆధారంగా తీసుకునే జాతి, కోనస్ మార్మోరియస్. ఇప్పుడు బతికున్న జాతులు 800కు పైనే. ఇన్నిటినీ ఒకే ప్రజాతి కింద ఉంచాలని కొందరు, గుల్లనూ పంటినీ బట్టి సుమారు వంద ప్రజాతులుగా విడగొట్టాలని ఇంకొందరు అన్నారు. పుయాంద్ర్, డూడా, మేయర్, ఒలివేరా, బూషే అనే శాస్త్రవేత్తలు కలిసి డీఎన్ఏ ఆధారంగా ఇచ్చిన వర్గీకరణలో ప్రజాతులు నాలుగు: కోనస్, కోనాస్ప్రెల్లా, ప్రొఫుండికోనస్, కాలిఫోర్నికోనస్. కోనస్‌లో 57 ఉపప్రజాతులు, కోనాస్ప్రెల్లాలో 11. తర్వాత పిగ్మేకోనస్ లాంటి చిన్న ప్రజాతులు కొన్ని చేరాయి. విద్యార్థులు ఈ పద్ధతినే పట్టుకోవడం మంచిదని నా అభిప్రాయం. వంద పేర్లు బట్టీ పట్టినా, గుల్ల చేతిలో పెడితే వాటిలో చాలావాటిని విడదీయలేం.

కోనాస్ప్రెల్లా గుల్లలు చాలావరకు చిన్నవి, శిఖరం (పాత చుట్లు మెట్లలా పైకి లేచిన భాగం) పొడుగ్గా ఉంటుంది. ప్రొఫుండికోనస్ లోతు నీళ్లది. కాలిఫోర్నికోనస్‌లో ఉన్నది ఒకే జాతి, అదీ అమెరికా పడమటి తీరంలో. కాబట్టి మన అంగళ్లకు వచ్చే పెద్ద గుల్ల దాదాపు ఎప్పుడూ కోనసే. అయితే ఆ మాట మనం అంటున్నది అది ఎక్కడిదై ఉంటుందన్న ఊహతో, గుల్ల ఇచ్చిన రుజువుతో కాదు. ప్రజాతికి నిజమైన రుజువులు పన్ను, డీఎన్ఏ.

పన్ను అంటే రాడ్యులా. చెరువుల్లో దొరికే పైలా నత్తలో రాడ్యులా ఆకురాయిలా ఉంటుంది, వరసలు వరసలుగా పళ్లు, గీకి తినడానికి. కోనస్‌లో ఆ వరసలు లేవు. ఒక్కో పన్నూ విడిగా, కాగితాన్ని పొట్లంలా చుట్టినట్టు బోలుగా, కొనన ముళ్లతో సూదిలా ఉంటుంది. పురుగుల పెంకులో ఉండే కైటిన్ అనే గట్టి పదార్థంతో తయారైనది. రాడ్యులా సంచి ఎల్ ఆకారంలో ఉంటుంది. పొడుగు కొమ్మలో పళ్లు తయారవుతాయి, పొట్టి కొమ్మలో సిద్ధంగా నిలవ ఉంటాయి. వేటప్పుడు ఒక పన్ను తొండంలోకి వస్తుంది, విషనాళంలోంచి విషం దాని బోలులోకి చేరుతుంది, పన్ను వేటలో దిగుతుంది. ఒకసారి వాడిన పన్ను మళ్లీ పనికిరాదు. చేపల్ని పట్టే జాతులు పన్ను మొదలును తొండంతో బిగించి పట్టి, గాలానికి పడ్డ చేపను లాగినట్టు లోపలికి లాక్కుంటాయి. నత్తల్ని తినేవి పన్నును వదిలేస్తాయి, ఒకదాని తర్వాత ఒకటి దించుతాయి. జాతుల్లో ఎక్కువ భాగం పురుగుల్ని తినేవే.

గుల్ల లోపల ఎండిన కండ ముక్క మిగిలి ఉంటే పారేయొద్దు, పళ్లు అందులో ఉండొచ్చు. దాన్ని నీళ్లలో నానబెట్టి, చిన్న గాజు గిన్నెలో బట్టల బ్లీచ్ పోసి ఉంచితే కండ కరిగిపోతుంది, కైటిన్ పళ్లు మిగులుతాయి. వాటిని డ్రాపర్‌తో తీసి నాలుగైదు సార్లు మంచినీళ్లలో కడిగి, స్లైడు మీద పెట్టాలి. కడగడం సరిగ్గా చేయకపోతే ఉప్పు గట్టిపడి, సూక్ష్మదర్శినిలో పన్ను ముళ్లకు బదులు ఆ పలుకులే కనబడతాయి. బ్లీచ్‌లో యాసిడ్ ఏదీ కలపొద్దు, విషవాయువు వస్తుంది.

కండ లేదనుకుందాం. అప్పుడు కొలతలే దిక్కు. వెర్నియర్ కాలిపర్‌తో నాలుగు కొలవాలి: శిఖరం కొన నుంచి అడుగు దాకా మొత్తం పొడవు, నోటి పొడవు, అన్నిటికన్నా వెడల్పైన చోట వెడల్పు, ఆ వెడల్పైన చోటు అడుగు నుంచి ఎంత ఎత్తులో ఉందో. నాలుగింటినీ గుల్ల నడుమ అక్షానికి సమాంతరంగానో, లంబంగానో పట్టి తీయాలి. నోరు వంకర కదా అని కాలిపర్‌ను కూడా వంకరగా పెడితే మిల్లీమీటర్లు తేడా వస్తాయి. ఉదాహరణకు పొడవు 62 మి.మీ., నోరు 55, వెడల్పు 34, దాని ఎత్తు 46 అనుకోండి. వెడల్పును నోటితో భాగిస్తే 0.62, ఇది సాపేక్ష వ్యాసం. 46ను 55తో భాగిస్తే 0.84, అంటే భుజం (ఆఖరి చుట్టు శిఖరం వైపు మలుపు తిరిగే అంచు) బాగా పైన ఉందని. 62లోంచి 55 తీసేసి 62తో భాగిస్తే 0.11, శిఖరం పొట్టిదని. జాతుల వర్ణనల్లో ఈ మూడు నిష్పత్తులూ ఇస్తారు, అందుకే ఉత్త మిల్లీమీటర్లకన్నా ఇవే ఉపయోగం. చిన్న గుల్లకూ పెద్ద గుల్లకూ పొడవు పోలిక కుదరదు, నిష్పత్తి చాలావరకు కుదురుతుంది.

అంగడి గుల్లలో ఈ లెక్క తప్పడానికి రెండు కారణాలు. శిఖరం కొన విరిగి ఉంటే మూడో నిష్పత్తి తగ్గిపోతుంది. పెదవి (నోటి బయటి గోడ) అంచు విరిగితే దాన్ని అరగదీసి నున్నగా చేసి అమ్ముతారు, అప్పుడు వెడల్పూ నోరూ రెండూ తప్పే. భూతద్దంతో అంచు చూడండి. సహజమైన పెదవి పలచగా ఉంటుంది, ఎదుగుదల గీతలు దానికి సమాంతరంగా సాగుతాయి. అరగదీసిన పెదవి మందంగా, మొద్దుగా ఉండి ఆ గీతల్ని అడ్డంగా కోసినట్టు కనిపిస్తుంది.

తర్వాత భుజం మీద వేలు పెట్టి తిప్పండి. బొడిపెలు తగిలితే రాసుకోవాలి. మార్మోరియస్, జియోగ్రాఫస్, ఎబ్రేయస్‌లకు ఉంటాయి, టెక్స్‌టైల్, బెటులినస్, ఫిగులినస్‌లకు ఉండవు. గుల్ల బాగా అరిగి ఉంటే భుజాన్ని నమ్మలేం. అప్పుడు శిఖరంలో పై చుట్లు చూడాలి. రంగు ఆఖరున చూడాల్సింది, చాలామంది మాత్రం దానితోనే మొదలుపెడతారు. నలుపు మీద తెల్లటి త్రికోణాలుంటే మార్మోరియస్, గోధుమ రంగు మీద గుడారాల్లాంటి వల ఉంటే టెక్స్‌టైల్, పసుపు మీద మచ్చల వరసలుంటే బెటులినస్ అని గుర్తుపట్టడం తేలికే. కానీ గుడారాల వల టెక్స్‌టైల్ ఒక్కదానిది కాదు, దాని దగ్గరి జాతులు చాలావాటికి ఉంది. పైగా మెరుపు కోసం యాసిడ్‌లో ముంచిన గుల్లల్లో పై పొర పోయి, కింది పొర రంగు బయటపడుతుంది. ఎండలో పెట్టిన గుల్ల వెలిసిపోతుంది.

గుల్లల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లక్షణం బయట నుంచి కనబడదు, కోస్తేనే తెలుస్తుంది. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండలు కోసే పనివాళ్లకు ఈ పని తెలిసిందే, తడి చక్రంతో నిమిషాల్లో అవుతుంది. విరిగిన గుల్లనో, రెండు కాపీలున్నదాన్నో మాత్రమే కోయండి. ముందు నోట్లోంచి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పలచగా కలిపి పోసి, తట్టి, ఒక రోజు ఆరనివ్వాలి. పోయకుండా కోస్తే లోపలి గోడలు పెంకుల్లా రాలిపోతాయి. చేత్తో పట్టుకోకుండా బిగించి, నీళ్లు పారుతుండగా నిలువునా, నడుమకు ఒక మి.మీ. ఇవతలగా కోయాలి. మిగిలింది గరుకు కాగితం మీద నీళ్లతో రుద్దాలి, 80 నంబరు కాగితంతో మొదలుపెట్టి 220, 400. ఇప్పుడు చూడండి: బయటి ఆఖరి చుట్టు గోడ మందంగా, గట్టిగా ఉంటుంది, లోపలి పాత చుట్ల గోడలు కాగితమంత పలచన. ఎదిగేకొద్దీ నత్త తన పాత గోడల్ని లోపల నుంచి కరిగించుకుని చోటు చేసుకుంటుంది. కోనిడే కుటుంబానికి ఇది ముఖ్య లక్షణం. పైలాను కోసి పక్కన పెట్టుకుంటే తేడా బాగా తెలుస్తుంది. మూత కూడా అంతే: పైలాలో నోరంతా మూసేస్తుంది, కోనస్‌లో గోరంత ఉండి నోటిలో కొంతభాగానికే సరిపోతుంది.

విషం గురించి క్లుప్తంగా. కోనస్ జియోగ్రాఫస్ కాటుకు మనుషులు చనిపోయారు, విరుగుడు మందు లేదు. ఊపిరి ఆగకుండా ఆసుపత్రిలో నిలబెట్టడమే చికిత్స. తీరానికి పోయినప్పుడు బతికున్న కోన్‌ను ఏ వైపు పట్టుకున్నా క్షేమం కాదు, తొండం వెనక్కీ తిరుగుతుంది. అదే విషంలోంచి మందూ వచ్చింది: కోనస్ మేగస్‌లోని 25 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌ను జికోనొటైడ్ పేరుతో అమెరికాలో 2004 డిసెంబరులో అనుమతించారు. తీవ్రమైన నొప్పికి వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కిస్తారు.

పేరు రాసే పద్ధతిలో చేసే తప్పొకటి ఉంది. 'కోనస్ టెక్స్‌టైల్ లిన్నేయస్, 1758' అని రాసినప్పుడు లిన్నేయస్‌కు బ్రాకెట్లు ఉండవు, ఎందుకంటే ఆయన పెట్టిన ప్రజాతి కోనస్సే. ఉపప్రజాతి చేర్చి 'కోనస్ (సిలిండర్) టెక్స్‌టైల్' అన్నా రచయితకు బ్రాకెట్లు రావు. సిలిండర్‌ను పూర్తి ప్రజాతిగా తీసుకుంటేనే 'సిలిండర్ టెక్స్‌టైల్ (లిన్నేయస్, 1758)' అవుతుంది. కోనస్ మిల్నెఎడ్వర్డ్సి అని తేలిన గుల్ల మాత్రం కొనకండి, అమ్మకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జాతి అది.

లేబుల్ మీద రాయాల్సినవి: పేరు, దేన్ని బట్టి పెట్టారు (గుల్లా, పన్నా), మూడు నిష్పత్తులు, ఎక్కడ కొన్నారు, ఏ తేదీన. దొరికిన చోటు తెలియకపోతే 'తెలియదు' అనే రాయాలి, అంగడి ఉన్న ఊరు రాయకూడదు. గుల్లల్ని ప్లైవుడ్ బీరువాలో, అట్టపెట్టెలో పెట్టొద్దు. వాటిలోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి గుల్ల మీద తెల్లటి పొడి పూయిస్తుంది, బైన్ జబ్బు అంటారు. మన వేసవిలో బీరువా లోపల వేడెక్కే కొద్దీ ఆవిరి పెరుగుతుంది, వానాకాలం తేమ తోడైతే పొడి మొదలవుతుంది. తలుపు తీయగానే వెనిగర్ వాసన వస్తే ఆలస్యం చేయకండి. గుల్లల్ని మంచినీళ్లలో కడిగి, నీడలో బాగా ఆరబెట్టి, గాజు సీసాల్లోకో స్టీలు బీరువాలోకో మార్చండి.